పెట్టె మీద 0.172, మా రేంజిలో 0.132

కొరాపుట్

నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటాల పెట్టెపై అచ్చువేసిన బాలిస్టిక్ కోఎఫిషెంట్ (తూటా వేగం తగ్గకుండా గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె; ఎక్కువైతే మేలు) తప్పు.

అయ్యా,

మీ 40 గ్రెయిన్ల (గుండు బరువు, సుమారు 2.6 గ్రాములు) తూటాలు పది పెట్టెలు, అన్నీ ఒకే లాట్‌వి, లైసెన్సుపై కొన్నాను. పెట్టె వెనక బాలిస్టిక్ కోఎఫిషెంట్ 0.172 అని ఉంది. ఏ ప్రమాణం ప్రకారం, ఎంత వేగం దగ్గర, ఎలాంటి గాలిలో కొలిచారో ఒక్క ముక్క లేదు. మామూలుగా వాడే జీ1 అనే నమూనా గుండుతో పోల్చి చెప్పిన అంకే అనుకున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. రెండు క్రోనోగ్రాఫ్‌లు (తూటా వేగం కొలిచే యంత్రాలు) 50 మీటర్ల ఎడంలో పెట్టి, ఒకే తూటాను రెండింటి మీదుగా పోనిచ్చి కొలిచాను. పది కాల్పుల తర్వాత వాటిని అటూ ఇటూ మార్చి మరో పది కాల్చాను, యంత్రం తేడా ఉంటే చెల్లిపోతుందని. సగటున మొదటిదాని దగ్గర సెకనుకు 322 మీటర్లు, రెండోదాని దగ్గర 299. సముద్రమట్టపు గాలి, 15 డిగ్రీలు అని లెక్కకట్టేస్తే 0.165 వచ్చింది. మీ అంకెకు దగ్గరే కదా అని సంబరపడ్డాను కూడా.

కానీ కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి పలచన. బరంపురం నుంచి వచ్చినప్పుడల్లా మా వదిన కుక్కర్‌కి ఇంకో విజిల్ రానివ్వమంటుంది, ఆ సంగతి నాకు రేంజిలో గుర్తురాలేదు. ఆ రోజు 28 డిగ్రీలు. సాంద్రత ప్రామాణిక గాలిలో 86 శాతమే. శబ్దవేగం కూడా 340 కాదు, 348. ఈ రెండూ సరిచేస్తే 0.132 తేలింది. నమ్మకం చాలక బరంపురంలో, సముద్రమట్టానికి దగ్గరగా, అదే లాట్ మరో ఇరవై కాల్చాను. అక్కడా 28 డిగ్రీలే. 322 నుంచి 297కి పడింది, లెక్క 0.134. మీ అంకె నిజమైతే కొరాపుట్‌లో 18 మీటర్లు తగ్గాల్సిన వేగం 23 తగ్గింది.

ఫోన్‌లో మీవాళ్లు “బ్యారెల్‌ని బట్టి మారుతుంది సార్” అన్నారు. బ్యారెల్‌ని బట్టి బయల్దేరే వేగం మారుతుంది. ఆ వేగాన్ని నేను కొలిచే లెక్కలో వేశాను. పైగా 40 గ్రెయిన్ల బరువుని 0.223 అంగుళాల వ్యాసం వర్గంతో భాగించి, పౌండ్లలోకి మారిస్తే 0.115. దాన్ని మీ 0.172తో భాగిస్తే ఆకార గుణకం 0.67, అంటే జీ1 నమూనా గుండు కంటే గాలి అడ్డు మూడో వంతు తక్కువన్నమాట. గుండ్రటి ముక్కున్న సీసపు గుండుకి అంత సొంపు ఎక్కడిది?

ఇది కాగితం మీది తగువు కాదు. 50 మీటర్లకు గురి సరిచేసుకుని 100 మీటర్లకు మీ అంకెతో లెక్కకట్టుకుంటే, తూటా 9 మిల్లీమీటర్లు కిందికి పడుతోంది. దాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. గాలివాటుతోనే చిక్కు: సెకనుకు 3 మీటర్ల అడ్డగాలిలో మీ లెక్కకు ఐదున్నర సెంటీమీటర్లు జరగాల్సింది ఏడు జరుగుతోంది. మా క్లబ్బు పిల్లలు గాలి చదవడం రాదనుకుని నెల రోజులు తమని తామే తిట్టుకున్నారు.

తూటాలు కిరాణా కొట్లో దొరికే సరుకు కాదు. ప్రతి ఒక్కటీ లైసెన్సు లెక్కలోకి ఎక్కుతుంది. మీ అంకె తేల్చడానికే నలభై ఖర్చయ్యాయి. కాబట్టి ఈ లాట్ పరీక్ష కాగితాలు, కొలిచిన దూరం, వేగం, ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడితో సహా, 15 రోజుల్లో పంపండి. పెట్టె మీద అంకె సరిచేసి, ప్రమాణం పేరు కూడా వేయండి. విప్పని ఏడు పెట్టెలు డీలర్ దగ్గర వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వండి.

నలభై కాల్పుల వేగాల పట్టిక, రశీదు నకలు, పెట్టె ఫొటో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు