అలర్జీ డాక్టర్ని వెతికే ముందు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పొద్దున లేవగానే తుమ్ములు, రాత్రయితే ముక్కు దిబ్బడ, మధ్యమధ్యలో ఒంటి మీద దద్దుర్లు. ఇవి చాలవన్నట్టు ఎవరో 200 రకాల తిండికి కలిపి ఒకే రక్తపరీక్ష ఉంది, చేయించుకో అన్నారని రాశావు. ముందు దాని సంగతి చెప్పేస్తా. వద్దురా, దాని మీద డబ్బు తగలెయ్యకు. అలాంటి పెద్ద ప్యాకేజీల్లో చాలావరకు చూసేది ఐజీజీ అనే యాంటీబాడీని, అంటే బయటి పదార్థాలకి స్పందించి ఒంట్లో తయారయ్యే ఒక ప్రోటీన్‌ని. మనం రోజూ తినేవాటికి ఒంట్లో ఐజీజీ ఉండటం మామూలే, ఆ తిండి ఒంటికి పరిచయమే అని దానర్థం. తిండి అలర్జీ తేల్చడానికి ఆ పరీక్ష వాడొద్దని అమెరికా, యూరప్ అలర్జీ డాక్టర్ల సంఘాలు స్పష్టంగా చెప్పాయి. అయినా అది ఇంకా అమ్ముడుపోతూనే ఉంది, రిపోర్టు పట్టుకుని జనం ఒక్కొక్కటే తినడం మానేస్తున్నారు. పిల్లల విషయంలో ఇలా జరిగితే నాకు నిజంగా కడుపు మండుతుంది, ఎదిగే వయసులో ఊరికే తిండి మాన్పించడం ఏంటి చెప్పు.

అలర్జీలో అసలు చూడాల్సింది ఐజీఈ అనే ఇంకో రకం యాంటీబాడీని. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. ఐజీఈ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన నీకు ఆ అలర్జీ ఉన్నట్టు కాదు. పల్లీకి పాజిటివ్ వచ్చి, పల్లీలు హాయిగా తినేవాళ్లు ఎంతమందో. తిన్నాక ఏమైంది, ఎంతసేపటికి అయింది, మళ్లీ తింటే మళ్లీ అలాగే అయిందా, ఈ కథ ఉంటేనే ఆ రిపోర్టుకి విలువ. అందుకే నీ డాక్టరుకి నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే: నువ్వు కూర్చోగానే టెస్టులు రాసేస్తాడా, లేక ముందు నీ కథంతా వింటాడా? మంచి అలర్జీ డాక్టర్ మొదటిసారి మనల్ని ప్రశ్నలతో చంపేస్తాడు. ఏ గదిలో ఎక్కువ, ఏ నెలల్లో ఎక్కువ, ఇంట్లో కుక్కో పిల్లో ఉందా, గోడకి చెమ్మ ఉందా, పరుపు ఎంత పాతది, ఆఫీసుకి సెలవు పెట్టిన రోజుల్లో తగ్గుతుందా, అమ్మానాన్నల్లో ఎవరికైనా ఆయాసం ఉందా, అన్నీ అడుగుతాడు. ఇవన్నీ అడిగాక, ఆ జవాబుల్ని బట్టి ఏ టెస్టు కావాలో ఎంచుతాడు.

ఇక ఎక్కడ వెతకాలి అంటావా. ముందు నువ్వు మామూలుగా చూపించుకునే డాక్టర్నే అడుగు. ఈ చుట్టుపక్కల ఎవరు బాగా చూస్తారో, ఎవరి దగ్గరికి పంపిన పేషెంట్లు నయమై వచ్చారో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. తర్వాత దగ్గర్లో పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంటే అక్కడ అలర్జీ క్లినిక్ ఉందేమో కనుక్కో. అలర్జీ డాక్టర్ల సంఘాలు తమ సభ్యుల జాబితా పెడతాయి, అందులో ఊరి పేరు కొట్టి చూడొచ్చు. ఇంటర్నెట్లో నక్షత్రాలు చూసి మాత్రం నిర్ణయించుకోకు, అవి ఎక్కువగా రిసెప్షన్లో ఎంతసేపు కూర్చోబెట్టారన్న దాని మీదే ఉంటాయి.

పేరు దొరికాక చదువు చూడు. కొన్ని దేశాల్లో అలర్జీ, ఇమ్యునాలజీ (అంటే రోగనిరోధక శక్తికి సంబంధించిన వైద్యం) ప్రత్యేక స్పెషాలిటీ. జనరల్ మెడిసిన్ గానీ పిల్లల వైద్యం గానీ పూర్తి చేశాక, మళ్లీ దీని కోసమే కొన్నేళ్లు శిక్షణ తీసుకుంటారు. కొన్నిచోట్ల ఈఎన్‌టీ, ఊపిరితిత్తుల డాక్టరు, చర్మం డాక్టరు అదనంగా శిక్షణ పొంది చూస్తుంటారు. అదేం తప్పు కాదు. కానీ బోర్డు మీద అలర్జీ అని రాసుకోవడానికి, నిజంగా నేర్చుకుని రావడానికి చాలా తేడా ఉంది. రిజిస్ట్రేషన్ ఉందో లేదో మెడికల్ కౌన్సిల్ రికార్డులో చూసుకోవచ్చు, ఆ అలర్జీ శిక్షణ ఎక్కడ తీసుకున్నారని క్లినిక్‌లోనే అడిగెయ్. మొహమాటపడకు. సరైన డాక్టరైతే ఆ ప్రశ్నకి చిన్నబుచ్చుకోడు.

ఇంకోటి, జబ్బుని బట్టి కూడా మనిషి మారతాడు. చెవి రింగు దగ్గరో, జుట్టుకి రంగు వేసుకున్నాకో వచ్చే ఎర్రటి దురద వేరే రకం. దానికి అనుమానం ఉన్న పదార్థాలు పెట్టిన ప్యాచ్‌లు వీపు మీద అంటించి 2 రోజులు ఉంచి, తీశాక ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి మరోసారి చూస్తారు. అది ఎక్కువగా చర్మం డాక్టర్ల పని. మాటిమాటికీ నిమోనియానో, చెవిలో చీము పట్టడమో, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే అప్పుడు రోగనిరోధక శక్తిలోనే లోపం ఉందేమో చూడాలి, ఇమ్యునాలజీ బాగా తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. నీకు అదేం కాదులే, టెన్షన్ పడకు.

నీ తుమ్ములకి బహుశా స్కిన్ ప్రిక్ టెస్ట్ చేస్తారు. మా పాపకి చేసినప్పుడు పక్కనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా, భయపడేంత ఏమీ లేదు. ముంజేతి లోపలి వైపు పెన్నుతో వరసగా గుర్తులు పెట్టారు, ఒక్కో గుర్తు పక్కన అలర్జీ తెప్పించే ఒక్కోదాని సారం ఉన్న ద్రవం ఒక్కో చుక్క వేశారు. దుమ్ములో ఉండే, కంటికి కనబడని మైట్స్ అనే పురుగులకి ఒకటి, బొద్దింకకి ఒకటి, బూజుకి, పుప్పొళ్లకి, పిల్లికి. తర్వాత చిన్న మొనతో ఒక్కో చుక్క మీద పైపైన గుచ్చారు, రక్తం కూడా రాలేదు. వాటిలో ఒక చుక్క ఉత్త సెలైన్, అంటే ఉప్పునీళ్లు, అది ఉబ్బకూడదు. ఇంకోటి హిస్టమిన్, అంటే అలర్జీలో ఒంట్లో విడుదలై దురద, వాపు తెప్పించే పదార్థం, అది తప్పకుండా ఉబ్బాలి. ఆ రెండూ సరిగ్గా వస్తేనే మిగతావాటిని నమ్మాలని డాక్టరమ్మ చూపించి మరీ చెప్పింది. 15, 20 నిమిషాలు చెయ్యి గోక్కోకుండా ఆపడమే కష్టం. మైట్స్ గుర్తు దగ్గర దోమ కుట్టినట్టు తెల్లగా ఉబ్బి చుట్టూ ఎర్రబడింది, ఆవిడ స్కేలు పెట్టి కొలిచింది. సెలైన్ గుర్తు కన్నా 3 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే పాజిటివ్ కింద లెక్క.

ఇందులో నువ్వు ముందే చూసుకోవాల్సింది ఒకటుంది. నువ్వు రాత్రి వేసుకునే సిట్రిజిన్ లాంటి మాత్రలు ఈ టెస్టుని నొక్కేస్తాయి, ఉబ్బాల్సింది ఉబ్బదు. మామూలుగా వారం ముందు నుంచి ఆపమంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏ మందు ఎప్పటి నుంచి ఆపాలో అడుగు. కొన్ని జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్పుల్లో కూడా యాంటీహిస్టమిన్, అంటే ఈ సిట్రిజిన్ రకం మందు, ఉంటుంది, అది చాలామందికి తట్టదు. ఇన్‌హేలర్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా దాన్ని ఆపకూడదు.

దద్దుర్ల సంగతి. వచ్చినప్పుడే ఫోటో తీసి పెట్టుకో, ఎందుకంటే డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు ఒక్కటీ ఉండదు. ఏం తిన్నావు, ఏ మాత్ర వేసుకున్నావు, ఎంతసేపటికి వచ్చాయి, ఎన్ని గంటలున్నాయి అని రెండు లైన్లు రాసిపెట్టు. నొప్పి మాత్రలు కూడా రాయాలి, అవి దద్దుర్లు పెంచడం మామూలే. 6 వారాలు దాటి వస్తూపోతూ ఉండే దద్దుర్లకి చాలామందిలో బయటి కారణం ఏదీ దొరకదు, తిండి అలర్జీ అయ్యేది చాలా అరుదు. కాబట్టి అన్నీ మానేసి నీరసపడకు, చాలావరకు మందులతోనే అదుపులో ఉంటాయి.

దూరం సంగతి కూడా అడిగావు కదా. ఒక్కసారి చూపించుకుని మందులు రాయించుకోవడానికైతే దూరమైనా సరే, మంచి డాక్టర్ దగ్గరికే వెళ్లు. ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు, అంటే అలర్జీ తెప్పించేదాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేసేవి, మొదలుపెడితే మాత్రం దగ్గర్లో ఉండాలి. మొదట్లో వారం వారం, తర్వాత నెలకోసారి, మొత్తం 3 నుంచి 5 ఏళ్లు సాగుతుంది. ఇంజెక్షన్ చేసిన ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, ఏదైనా తేడా వస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ (తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అత్యవసర ఇంజెక్షన్) అందుబాటులో ఉండాలి. ఇంజెక్షన్ చేసి ఇక ఇంటికెళ్లండి అనే చోట నువ్వు ఉండకు. ఒకటి రెండు డోసులతో శాశ్వతంగా పోగొడతాం అనే చోట అసలే వద్దు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడెప్పుడో పెన్సిలిన్ పడలేదని ఆవిడ ఫైలు మీద ఎర్ర అక్షరాలతో రాసేశారు, ఇన్నేళ్లూ ప్రతి డాక్టరూ వేరే యాంటీబయాటిక్కే రాస్తూ వచ్చారు. ఈమధ్య పాపని చూసిన డాక్టరే అమ్మకీ టెస్టు చేసి, తన కళ్లముందే డోసు ఇచ్చి చూసి, అలర్జీ లేదని తేల్చింది. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లలో 10 మందికి 9 మంది పరీక్షిస్తే పడేవాళ్లేనట. మీ ఇంట్లో కూడా ఎవరికైనా అలా రాసుంటే అడిగి చూడు. సొంతంగా మాత్రం వేసి చూడకండి.

డాక్టరు దొరికేలోపు దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోవడమో, గొంతు పూడుకుపోవడమో, నాలుక వాయడమో, కళ్లు తిరగడమో జరిగితే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, మాత్ర వేసుకుని పడుకోవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి. అక్కడ ముందు ఇవ్వాల్సింది తొడకి అడ్రినలిన్. మీ ఆవిడకి కూడా ఇది చెప్పి ఉంచు.

ప్రస్తుతానికి నువ్వు వాడుతున్న మందులన్నిటి చీటీలు, అట్టలు ఫోటో తీసి పంపు. వాటిలో యాంటీహిస్టమిన్ ఏవో చూసి గుర్తు పెట్టి ఇస్తా, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఆ పేర్లు వాళ్లకి చదివి వినిపిస్తే సరిపోతుంది.