వాటం లేకుండా వేసిన బాత్రూం ఫ్లోరింగ్ గురించి ఫిర్యాదు

హనుమకొండ,
16 ఫిబ్రవరి 2026

మేనేజర్ గారికి,

విషయం: మా ఇంటి బాత్రూం ఫ్లోరింగ్ మొత్తం తీసి మళ్లీ వేయించడం గురించి.

అయ్యా,

జనవరి 3 నుంచి 11 దాకా మీ మనుషులు మా ఇంట్లో బాత్రూం పని చేశారు. 68,000 రూపాయలకు మాట్లాడుకున్నాం, మొత్తం కట్టేశాను. మేడారం జాతర 28న మొదలవుతుంది, పోయేటప్పుడు చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు, ఆలోపు పని కావాలని మొదటి రోజే చెప్పాను. మీరు అన్న తేదీకే అప్పగించారు, అది కాదనను. కానీ నీళ్లు జాలీ దిక్కు పోని బాత్రూంను అప్పగించారు.

29వ తేదీ పొద్దున నలుగురు వరుసగా స్నానాలు చేశారు. నీళ్లు గడప దాటి పడకగదిలోకి వచ్చాయి. మంచం పక్కన పరిచిన చాప కిందికి చేరాయి, ఎవరూ చూసుకోలేదు. 74 ఏళ్ల మా అత్తమ్మ లేచి చాప మీద కాలు పెట్టగానే చాపతో సహా జారి పడింది. కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఈ రోజుకీ పిండికట్టుతోనే ఉంది, అన్నం నేనే కలిపి పెడుతున్నాను. అమ్మవారి దగ్గరికి బంగారం (అక్కడ బెల్లాన్నే అలా అంటారు) మొక్కు తీసుకుపోదామని ఏడాదిగా బెల్లం డబ్బులు దాచుకున్న మనిషి జాతరకు పోలేకపోయింది.

ఆ సాయంత్రం ఒక మగ్గులో పసుపు కలిపి జాలీ పక్కనే మెల్లగా పోశాను. పచ్చటి నీళ్లు జాలీని ముట్టుకోకుండా పక్కనుంచి తిరిగి, గోడ అంచు పట్టుకుని, నేరుగా దర్వాజ దగ్గరికి వచ్చి నిలిచాయి. మా వీధిలో ఉండే పాత మేస్త్రీ నేల ఎత్తుపల్లాలు చూపే రసమట్టం పెట్టి చూశారు. దర్వాజ కన్నా జాలీ మూల పావు అంగుళం ఎత్తులో ఉంది. వీడియో జత చేస్తున్నాను.

ఇట్లా ఎందుకయిందో కూడా తెలిసింది. పాత టైల్స్ అన్నీ పగలగొట్టి, స్లాబు దాకా చిప్పింగ్ చేసి (పాత సిమెంటు చెక్కేసి), వాటర్‌ప్రూఫింగ్ కొట్టి, 24 గంటలు నీళ్లు నిలిపి చూసి, ఆ తర్వాతే కొత్తవి వేస్తామని మీ కొటేషన్‌లో రాశారు. నేను బడికి పోయిన వేళల్లో పాత టైల్స్ మీదనే కొత్తవి అంటించేశారు. సుత్తి చప్పుడే వినపడలేదని అత్తమ్మ రెండో రోజే అంది. నేనే పట్టించుకోలేదు, మీ మాట మీద అంత నమ్మకం పెట్టుకున్నాను. పాత నేల గదికన్నా అంగుళం కిందికి ఉండేది, ఇప్పుడు రెండూ సమానమయ్యాయి. అయినా బిల్లులో పగలగొట్టిన ముక్కలు ఎత్తిపోయించిన ట్రాక్టర్‌కు 2,500 వేశారు. మా వాకిట్లోకి ఏ ట్రాక్టరూ రాలేదు.

దర్వాజ దగ్గరి టైల్ ఒకటి అప్పుడే ఊడి చేతికి వచ్చింది. తిరగేసి చూస్తే నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి, మొత్తం ఐదు అడెసివ్ (టైల్స్ అంటించే జిగురు) ముద్దలు. మిగతాదంతా ఖాళీ. పళ్లున్న తాపీతో వెనక భాగమంతా నిండేలా పరచాల్సింది. ఆ ఖాళీల్లోకి నీళ్లు దిగితే బయటికి వచ్చే దారి లేదు. రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ కొట్టి చూశాను, 40లో 13 డొల్లగా మోగాయి. వాటి మీద చాక్‌పీస్‌తో గుర్తులు పెట్టాను.

గోడ టైల్స్‌లో రెండు రకాల షేడ్ వచ్చింది. అది నేను భరిస్తాను. సిమెంటు మరకలు పోవాలని మీ మనుషులు యాసిడ్ పోసి కడిగితే కొత్త కుళాయి నల్లబడింది, జాయింట్లు గరుకెక్కాయి. అది భరించలేను.

ఫిబ్రవరి 2న మీ సూపర్‌వైజర్ వచ్చారు. పసుపు నీళ్లు ఆయన కళ్ల ముందే పోసి చూపించాను. "స్నానం కాగానే వైపర్‌తో తోసుకోండి మేడం" అన్నారు. కట్టుతో ఉన్న ముసలామె వైపర్ ఎట్లా పట్టుకుంటుంది? ఆ రోజు నుంచి మీ ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు.

నేను అడిగేది: ఫ్లోరింగ్ పాత టైల్స్‌తో సహా స్లాబు దాకా తీసి, కొటేషన్‌లో రాసినట్టు చేయండి. 24 గంటలు నీళ్లు నిలిపే పరీక్షను, టైల్స్ వేసే ముందు వాటాన్ని నాకు చూపించండి. కుళాయి మార్చండి. ట్రాక్టర్ డబ్బులు, అత్తమ్మ వైద్యానికైన 9,400 తిరిగి ఇవ్వండి, రసీదులు జత చేశాను. ఉత్తరం అందిన 15 రోజుల్లో పని మొదలుకాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో ఫిర్యాదు ఇప్పటికే నమోదు చేశాను.

ఇంకొక్క మాట. పని చేసిన ఇద్దరు కుర్రాళ్ల కూలి కోయకండి. చిప్పింగ్ వద్దని పై నుంచి చెప్పారని వాళ్లే నాతో అన్నారు. మళ్లీ వాళ్లనే పంపినా నాకు అభ్యంతరం లేదు, ఈసారి చెప్పేవాళ్లు సరిగా చెబితే చాలు. సాయంత్రం ఐదు దాటాక గానీ ఆదివారం గానీ రండి, నేను ఇంట్లో ఉంటాను. చాక్‌పీస్ గుర్తులు చెరపలేదు.

ఇట్లు,
మీ వినియోగదారు
(సంతకం)