సీవీలోంచి నీ పేరు తీసేశా నాన్నా

నాన్నా,

వాయిస్ మెసేజ్ పెడదామంటే అమ్మ సగంలోనే ఏడుపు మొదలుపెట్టి నీకు వినపడనివ్వదు, అందుకే టైప్ చేస్తున్నా, కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు. నేను బానే ఉన్నా. రూమ్‌లో హీటర్ బాగు చేయించారు. డబ్లిన్‌లో ఇప్పుడు నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. పని మామూలే, షాపులో ఐదు రోజులు, షెల్ఫులు సర్దడం, బిల్లింగు, అంతే. షుగర్ టెస్ట్ చేయించుకున్నావా? చిన్నోణ్ణి అడిగితే మాట దాటేస్తున్నాడు.

ఇక్కడ ఉద్యోగం వెతుక్కోడానికి నాకు దారి చూపిస్తున్న ఆవిడ గురించి మొన్న ఫోన్‌లో "ముక్కూ మొహం తెలీని మనిషి ఊరికే ఎందుకు సాయం చేస్తుందే, ఎంత లాగుతోంది" అన్నావు చూడు, దాంతో రెండ్రోజులు నాకు నిద్ర పట్టలా. నువ్వు ఉత్తినే అన్నా నాకు ఎక్కడో తగిలింది. జూన్‌లో ఒకడికి 250 యూరోలు కట్టా నాన్నా. లింక్డిన్‌లోనే తగిలాడు, ఉద్యోగాల కోసం జనం పరిచయాలు పెంచుకునే సైట్‌లే అది, మన తెలుగోడే, కెరీర్ కోచ్ అని పెట్టుకున్నాడు, వారంలో ఇంటర్వ్యూలు ఇప్పిస్తా అన్నాడు, డబ్బులు పడ్డాక బ్లాక్ చేశాడు. అప్పుడు ఫీజు బాకీ అని నిన్ను అడిగినవి అవే. తిట్టాలంటే విడిగా ఫోన్ చేసి తిట్టు, అమ్మ ముందొద్దు.

ఈవిడ అలా కాదు. పోయిన నెల కాఫీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలా. నీ వయసే ఉంటుంది, మందుల ఫ్యాక్టరీల్లో క్వాలిటీలో ముప్పై ఏళ్ళు చేసింది, ఎక్కువగా కార్క్ వైపు. ఎలా దొరికిందంటే, అప్పటిదాకా నేను కనపడ్డ ప్రతి మేనేజర్‌కీ "రెస్పెక్టెడ్ సర్, ప్లీజ్ రిఫర్ మీ" అని పంపేదాన్ని. ఫ్రీ అకౌంట్‌కి కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు 200 అక్షరాలే రాయనిస్తారు, అందులో కొంత ఆ దండాలకే పోయేది, ఒక్కడూ పలికితే ఒట్టు. ఈవిడ ఒకరోజు లింక్డిన్‌లో క్లీనింగ్ వాలిడేషన్ గురించి రాసింది. ఒక మందు తయారయ్యాక ట్యాంకు కడిగి, పాతది ఇంకా అంటుకుని ఉందేమో అని స్వాబ్‌తో తుడిచి ల్యాబ్‌కి పంపుతారే, అది. నేను జీడిమెట్ల ట్రైనింగ్‌లో రోజూ చేసిన పనే. "మేం చెయ్యి అందినచోట తుడిచేవాళ్ళం, అందని మూలల సంగతేంటి" అని అడిగా. ఉద్యోగం ఊసే ఎత్తలా. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది, ముందు చూడాల్సింది ఆ అందని మూలేనని, ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడదామా అని. అప్పట్నుంచీ నెలకో గురువారం.

మొదటిసారే సీవీ చూసి నవ్వింది. ఫొటో తీసెయ్, పుట్టిన తేదీ తీసెయ్, పెళ్ళయిందో లేదో ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు అంది. చివర్లో "పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని ఉంటుంది కదా, నిన్నెవరు ప్రమాణం చేయమన్నారు అని అడిగింది. ఫాదర్స్ నేమ్ దగ్గర మాత్రం నాకు చెయ్యి రాలా. నువ్వు ఆటోనగర్ నుంచి గ్రీజు చేతుల్తో వచ్చి నా పదో తరగతి ఫారం మీద సంతకం పెడితే మరక పడిందే, గుర్తొచ్చింది. తీసేశా. కోపగించుకోకు.

నీకు చెప్పడం తేలికే అసలు. నీ మేస్త్రి గారు ఆరు నెలలు నీ చేత స్పానర్లు కడిగించి, తర్వాత ఇంజను విప్పనిచ్చారని ఎన్నిసార్లు చెప్పావు! ఆయనకి నువ్వేం ఇచ్చావు? దసరాకి ఒక పంచె. ఈవిడా అంతే, రిఫరెన్స్ అడిగితే "నీ పని నేను చూడలేదు కదా, ఎలా చెప్తాను" అని మొహం మీదే అనేసింది. కాస్త బాధేసింది, అబద్ధం ఎందుకు. కానీ ఎవరూ చెప్పనివి చెప్తోంది, పర్మనెంట్ ఉద్యోగమే కావాలని కూర్చోకు, ఆరు నెలల కాంట్రాక్టులైనా పట్టు, ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళు ముందు అని. రెండింటికి అప్లై చేశా.

అందుకని నా ఉద్యోగం గురించి బావ వాళ్ళని ఇంక అడగొద్దు, ప్లీజ్. మీరు అడిగారని అత్త నలుగురిలో అంటుంది. చదువయ్యాక ఇక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కోడానికిచ్చే అనుమతి, స్టాంప్ 1జీ, ఏడాది అయిపోతే ఇంకో ఏడాది పొడిగిస్తారు, నన్ను రేపే పంపించేస్తున్నట్టు కంగారు పడకండి. బ్యాంకు ఈఎంఐ ఐదో తారీఖుకి వేస్తా.

అమ్మకి చెప్పు, ఆవకాయ సీసా మూత ఊడి బ్యాగంతా నూనె, ఈసారి కవరు రెండు చుట్లు చుట్టమను.

నేనూ ఆవిడా కలిసేది ఇక్కడి గ్రాండ్ కెనాల్ అనే కాలవ గట్టున. పాట్రిక్ కావనా అనే కవి కంచు బొమ్మ బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది, టోపీ పక్కన పెట్టుకుని. లింక్డిన్ వాళ్ళ ఆఫీసు కూడా అక్కడికి దగ్గరేలే. ఈ గురువారం ఇక్కడ నాలుగింటికి, మీకు రాత్రి తొమ్మిదిన్నర, ఆ టైములో వీడియో కాల్ చేయొద్దు. పోయినసారి అమ్మ వరసగా మూడుసార్లు చేసింది. నేను కట్ చేస్తుంటే ఆవిడే "ఎత్తు, మీ అమ్మేగా" అంది. ఎత్తితే అమ్మ ఆవిణ్ణి చూసి "అన్నం తిన్నారా" అని తెలుగులోనే అడిగింది.

ఉంటా నాన్నా. టెస్ట్ రిపోర్ట్ ఫొటో తీసి పెట్టు.