ఫిట్‌నెస్ ఇచ్చే ముందు బండి కిందికి వంగి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారిపై ఈ మధ్య వెనక భాగం బాగా కిందికి దించిన పాత పికప్ వ్యాన్లు తరచుగా కనిపిస్తున్నాయి. పదేళ్లు దాటిన బళ్లను తక్కువ ధరకు కొన్న కుర్రాళ్లు అందం కోసం బండి బరువు మోసే కమాన్ కట్టల్లోంచి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు స్ప్రింగుల్లోంచి, పట్టీలు తీయించేస్తున్నారు. బస్తాలు ఎక్కించడం తేలికవుతుందని కొందరు యజమానులూ ఆ పనే చేయిస్తున్నారు. అందం గురించి నాకు ఎవరితోనూ తగువు లేదు. రామభద్రపురం కూరగాయల మార్కెట్లో బస్తాను భుజం మీదికి లేపి బాడీలోకి తోసే కళాసీల అవస్థ రోజూ చూస్తున్నవాడిని కనుక రెండో కారణాన్ని కొట్టిపారేయనూ లేను. కానీ దించిన తర్వాత కూడా ఆ బళ్లు సరుకు మోస్తూనే ఉన్నాయి, ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతూనే ఉన్నాయి. నా ఆందోళన దాని గురించే.

రెండేళ్ల కిందట నేను ఒక పాత పికప్ కొన్నాను. బాడీ కాస్త తక్కువ ఎత్తులో ఉందని సంతోషించానే గాని ఎందుకుందో అడగలేదు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని చెప్పే ఫిట్‌నెస్ కాగితానికి ఇంకా గడువుంది, నాకు అది చాలనిపించింది. ఆ ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం కోరాపుట్‌లో సరుకు దింపి ఖాళీ బండితో సాలూరు ఘాట్ దిగుతుండగా, ఒక మలుపులో బ్రేకు తొక్కేసరికి వెనక చక్రాలు ఒక్కసారిగా పట్టేసి బండి తోక లోయ వైపు జారింది. పక్కనున్న రక్షణ గోడకు రాసుకుని ఆగింది. నాతో పాటు క్యాబిన్‌లో ఉన్న మా మేనల్లుడు ఇంటికి వచ్చేదాకా నోరు మెదపలేదు.

మర్నాడు కమాన్ షాపులో బండిని జాకీ మీద లేపి చూసిన ముసలి మేస్త్రి నన్ను కూడా కిందికి రమ్మని పిలిచి టార్చిలైటు వేసి చూపించాడు. ఒక్కో వైపు తొమ్మిది పట్టీలు ఉండవలసిన చోట ఆరే ఉన్నాయి. కట్ట విప్పి తుడిస్తే రెండు పట్టీల మీద గ్యాస్ మంటతో కాల్చిన నీలి మచ్చలు తేలాయి. యాక్సిల్‌కు, అంటే చక్రాల ఇరుసుకు, పైన దెబ్బ ఆపడానికి ఉండే బంప్ రబ్బరు చితికిపోయి ఉంది, యాక్సిల్ తగిలి తగిలి ఛాసిస్ (బండి చట్రం) అడుగున అరచేయంత మేర రంగు పోయి ఇనుము అద్దంలా మెరుస్తోంది.

కమాన్ పట్టీని మామూలు ఇనుప బద్ద అనుకోకూడదు. సిలికాన్ కలిసిన ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో చల్లార్చి, మళ్లీ తగిన వేడికి తెచ్చి పదును పెడితేనే దానికి వంగి తిరిగి లేచే గుణం వస్తుంది. గ్యాస్ మంటతో కాల్చి వంపు తగ్గించిన చోట ఆ పదును పోతుంది కాబట్టి పట్టీ కొన్నాళ్లకు పూర్తిగా చతికిలపడుతుంది, లేదా విరుగుతుంది. ఇక పట్టీలు తీసేస్తే మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది. గుంతలో పడినప్పుడల్లా దెబ్బ కమాను మింగకుండా నేరుగా ఛాసిస్‌కు చేరి, కమానును పట్టి ఉంచే హ్యాంగర్ల రివెట్ల దగ్గర పగుళ్లు తెస్తుంది. కొందరు కమాను కింద ఉండవలసిన యాక్సిల్‌ను కమాను పైకి మార్చి బిగిస్తున్నారు. అలా చేస్తే కట్ట మందం, యాక్సిల్ మందం కలిపినంత మేర బండి దిగుతుంది గాని, ఆ మేరకు ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య ఖాళీ పోతుంది, ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు అందించే జాయింట్ షాఫ్ట్ కోణం మారి దాని కీళ్లలోని క్రాసులు త్వరగా అరుగుతాయి.

నా బండి ఎందుకు జారిందో కూడా మేస్త్రే చెప్పాడు. చాలా పికప్‌లలో వెనక బ్రేకుల దారిలో ఒక లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. యాక్సిల్ నుంచి దానికి ఒక కడ్డీ బిగించి ఉంటుంది. ఛాసిస్ యాక్సిల్‌కు దగ్గరైతే బరువు ఎక్కిందని గ్రహించి వాల్వ్ వెనక చక్రాలకు బ్రేకు బలం పెంచుతుంది. బండిని దించి ఆ కడ్డీని సర్దకుండా వదిలేస్తే ఖాళీ బండి కూడా దానికి లోడు బండిగానే తోస్తుంది. తడి రోడ్డు మీద ఖాళీ బండికి లోడు బండి బ్రేకు పడితే ఏమవుతుందో నేను ఘాట్‌లో చూశాను. వెనక ఒక్కటే దించిన బండి ముక్కు పైకి లేస్తుంది కాబట్టి హెడ్‌లైట్ల వెలుతురు ఎదుటివారి కళ్లలో కొడుతుంది.

చట్టం లేదనడానికి వీల్లేదు. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరి తీర్పులో దాన్ని మరింత స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఇలాంటి ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి. అంటే దించిన ప్రతి పాత పికప్‌నూ ఏడాదికి ఒకసారైనా ఫిట్‌నెస్ పరీక్షలో చూడవలసి ఉంది. చూసేటప్పుడు లైట్లు, పొగ, బ్రేకులతో సరిపెట్టకుండా కమాన్ పట్టీలు లెక్కపెట్టి, బంప్ రబ్బరుకూ యాక్సిల్‌కూ మధ్య ఖాళీని కొలవాలని రవాణా శాఖను కోరుతున్నాను. ఒక టార్చిలైటు, ఒక టేపు ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే పని. పాత బండి కొనేవారు కూడా కాగితాలు చూసే ముందు పట్టీల లెక్క, ఆ ఖాళీ రెండూ చూడాలని నా మనవి.

అలాగే మార్కెట్ యార్డుల్లో బాడీ ఎత్తుకు సమంగా అరుగులు కట్టిస్తే, సరుకు ఎక్కించడం కోసం బండిని దించే అవసరమే ఎవరికీ రాదు. నేను నా బండికి తొమ్మిది పట్టీలూ కొత్తవి వేయించి వాల్వ్ కడ్డీ సరిచేయించుకున్నాను. బాడీ మూడంగుళాలు లేచింది. కళాసీల కోసం ఒక చెక్క మెట్టు చేయించి వెనక డోరుకు గొలుసుతో కట్టుకుని తిరుగుతున్నాను.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
గజపతినగరం, విజయనగరం జిల్లా