వంద అని రాసిచ్చి, తాళం చెవి ఇచ్చే రోజున ఎనభై నాలుగా?

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: ఎక్స్ఛేంజ్‌లో నా పాత కారుకు రాసిచ్చిన ధరను డెలివరీ రోజున తగ్గించడం, కొత్త కారు మీద ఒప్పుకున్న డిస్కౌంటును తీసేయడం గురించి.

నమస్కారం.

ఈ విషయం ఫోన్లో ఇప్పటికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ అవతలి వాళ్ళు ఎంతో మర్యాదగా విని, "నోట్ చేసుకున్నామండీ" అన్నారు. ఎక్కడ నోట్ చేసుకున్నారో తెలియదు గానీ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి, పాత కార్లకు విలువ కట్టే మీ ఎవాల్యుయేటర్ మొదటిసారి సంతకం పెట్టి ఇచ్చిన ధరను వంద అనుకుందాం. మిగతావన్నీ ఆ వందతో పోల్చి చెబుతాను. అసలు అంకెలు మీ ఫైల్లోనే ఉన్నాయి, జిరాక్సులు కూడా జతచేస్తున్నాను.

కారు కొని ఆరేళ్ళు. మొదటి సర్వీసు నుంచి చివరిదాకా అన్నీ మీ వర్క్‌షాపులోనే చేయించాను. ఆయిల్ మార్పించినా, బ్రేక్ ప్యాడ్లు వేయించినా మీ దగ్గరే. బయట మెకానిక్ చెయ్యి దాని మీద పడలేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా గొడవంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొత్త కారు తీసుకుందామనుకున్నప్పుడు మీ వెబ్‌సైటులో పాత కారు వివరాలు నింపితే 112 చూపించింది. దాని గురించి నేను పేచీ పెట్టడం లేదు. కారును చూడకుండా కంప్యూటర్ చెప్పే ధర ఎందుకు ఎక్కువుంటుందో నాకూ తెలుసు. షోరూముకు వచ్చాను. మీ ఎవాల్యుయేటర్ కుర్రాడు శ్రద్ధగానే చూశాడు, అతని పని మీద నాకే ఫిర్యాదూ లేదు. స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్లు ఏమైనా ఉన్నాయేమో చూశాడు, లేవు. టైర్లలో గాడి లోతు కొలిచాడు, ఆరు మిల్లీమీటర్లు. కొత్త టైరుకే దాదాపు ఎనిమిది ఉంటుంది, చాలా దేశాల్లో 1.6 కంటే కిందికి దిగితే చట్టం ఊరుకోదు, కాబట్టి అది మంచి లెక్కే. పెయింట్ మందం కొలిచే మీటర్ ప్యానెల్ ప్యానెల్‌కీ ఆనించాడు. అంతటా 110 నుంచి 130 మైక్రాన్లు వస్తే, కుడివైపు ముందు డోర్ దగ్గర మాత్రం 240 వచ్చింది. "డోర్ రీపెయింట్ అయింది కదండీ?" అన్నాడు. అయింది. మూడేళ్ళ క్రితం గేటుకు రాసుకుంటే మీ బాడీషాపులోనే వేయించాను. అప్పుడు మీ సర్వీస్ అడ్వైజర్ అన్నమాట ఇంకా గుర్తుంది: "కంపెనీ ఫినిష్ సార్, ఎవరూ కనిపెట్టలేరు." మీ మీటరే కనిపెట్టేసింది, అది వేరే సంగతి.

ఆ డోర్ సంగతి షీటులో రాసి, దానికి తగ్గించాల్సింది తగ్గించి, వంద అని వేసి సంతకం పెట్టారు. నేను ఒప్పుకున్నాను. అదే రోజు కొత్త కారు కొటేషన్ ఇచ్చారు. అందులో "క్యాష్ డిస్కౌంట్" అని విడిగా ఒక వరుస ఉంది, మన లెక్కలో అది తొమ్మిది. బుకింగ్ డబ్బు కట్టేశాను. కారు రావడానికి ఐదు వారాలు పడుతుందన్నారు, సరేనన్నాను.

ఐదు వారాలకు కారు వచ్చింది. పాత కారు తీసుకుని ఇంటిల్లిపాదీ వచ్చాం. కొత్త కారు ముందు ఫొటో కూడా దిగాం. ఆ తర్వాత మీ సేల్స్ మేనేజర్ పక్కకు పిలిచి, "పాత బండి మళ్ళీ చూడాలి, ప్రొసీజర్" అన్నారు. పావుగంటలో 84 అని తేల్చారు. కారణాలు మూడు చెప్పారు: డోర్ రీపెయింట్, టైర్లు పాతవి, మార్కెట్ పడిపోయింది.

డోర్‌కు మొదటి షీటులోనే కోత పడింది, కొలతతో సహా అక్కడే రాసి ఉంది. ఒకే గీతకు రెండుసార్లు డబ్బు తీసుకుంటారా? టైర్ల సంగతి ఇంకా విచిత్రం. టైరు పక్కభాగం మీద అచ్చొత్తిన అంకెల్లో చివరి నాలుగు దాని పుట్టినరోజు లాంటివి: మొదటి రెండూ ఎన్నో వారం, తర్వాతి రెండూ ఏ సంవత్సరం. మోకాళ్ళ మీద కూర్చుని ఆ అంకెలు మీ మేనేజర్‌కు చూపించాను. అవి ఏడాది కూడా నిండని టైర్లు, మీ కౌంటర్లోనే బిల్లు కట్టి వేయించినవి. ఆయన వంగి చూశారు కూడా, కానీ మాట మార్చి మార్కెట్ గురించి మొదలుపెట్టారు. ఐదు వారాల్లో మార్కెట్ అంత పడిపోయిందంటే నమ్మడం కష్టం. ఈ మధ్యలో కారు తిరిగింది తొమ్మిది వందల కిలోమీటర్లు. దానికింత అని ఒకటో రెండో తగ్గించి ఉంటే నోరెత్తేవాడిని కాదు.

అప్పుడు షీటు తిప్పి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చూపించారు: ఈ ధర ఏడు రోజులే చెల్లుతుందట. డెలివరీ ఐదు వారాల తర్వాత అని చెప్పిందీ మీరే, ఏడు రోజులకే చెల్లిపోయే ధర రాసిచ్చిందీ మీరే. అలాంటప్పుడు ఆ వంద ఎవరికి ఉపయోగం? నన్ను బుకింగ్ దాకా తీసుకురావడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నడి ఏట్లో పడవ ఆపి కిరాయి పెంచినట్టుంది ఈ పద్ధతి. ఏడుస్తూనో నవ్వుతూనో కట్టేస్తారని మీకు తెలుసు, ఎందుకంటే కొత్త కారు ఎదురుగా ఉంది, ఇంట్లో వాళ్ళు చూస్తున్నారు.

"అయితే నా కారు నేనే అమ్ముకుంటాను" అన్నాను. వెంటనే కొత్త కారు మీద తొమ్మిది డిస్కౌంటు మాయమైంది. "అది ఎక్స్ఛేంజ్ కస్టమర్లకే" అన్నారు. కొటేషన్లో ఆ మాట ఎక్కడుందని అడిగితే, "సిస్టమ్ అలాగే తీసుకుంటుంది" అన్నారు. పాత కారు ధర, కొత్త కారు డిస్కౌంటు రెండు వేర్వేరు జేబులని నేను అనుకున్నాను. మీకు అవి ఒకటే జేబని ఆరోజు తెలిసింది. ఒకవైపు పెంచినట్టు చూపిస్తారు, ఇంకోవైపు తగ్గిస్తారు. కస్టమర్ చూడాల్సింది జేబులోంచి చివరికి ఎంత పోతోందన్న ఒక్క అంకెనే, అది మాత్రం మీ ఏ కాగితం మీదా ఉండదు. డిస్కౌంటు తీసేయడం ఒప్పుకోవడం లేదని డెలివరీ కాగితం మీద రాసి, డబ్బంతా కట్టి కొత్త కారు తీసుకున్నాను. పాత కారును ఇంకొకరు నడుపుతుంటే వెనకాలే ఇంటికి చేరాం.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. డీలర్ ఇచ్చే ధర బయట అమ్మితే వచ్చే ధర కంటే తక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. కారు తీసుకున్నాక మీరు దాన్ని కడిగి, పాలిష్ పట్టించి, రిపేర్లు చేయించి, వారంటీ ఇచ్చి అమ్మాలి. అమ్ముడుపోయేదాకా మీ డబ్బు అందులో ఇరుక్కుని ఉంటుంది. అమ్ముడుపోకపోతే వేలంలో వచ్చినకాడికి వదిలించుకోవాలి. ఇదంతా తెలిసే నేను వందకు ఒప్పుకున్నాను. నాకు కావలసింది కూడా అదే: ఫోన్లు లేకుండా, బేరాలు లేకుండా, ఒక తాళం ఇచ్చి ఇంకో తాళం తీసుకుని ఇంటికి పోవడం.

నేను బయట అమ్ముతానంటే మీ సేల్స్ ఎగ్జిక్యూటివ్ భయపెట్టిన తీరు కూడా చెప్పాలి. "పేరు మారేదాకా ఫైన్లు మీకే వస్తాయి, యాక్సిడెంటైతే మీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. నిజమే. కానీ మీరు నా ముందు పెట్టిన బదిలీ కాగితంలో కొనేవాళ్ళ పేరు ఖాళీ, తేదీ ఖాళీ. అంటే మీరు ఇంకొకరికి అమ్మేదాకా ఆ కారు నా పేరు మీదే ఉంటుంది. బయట అమ్మితే ఉండే టెన్షనే మీకిచ్చినా ఉంటుంది, పైగా కారు ఎవరి చేతుల్లో ఉందో కూడా తెలియదు. ట్యాక్స్ కూడా తగ్గుతుందన్నాడు. పాత కారు విలువ తీసేసి మిగతాదానికే పన్ను వేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలాగే చేస్తారు. మరి ఇక్కడ నా బిల్లులో అది ఎక్కడ తగ్గుతుందో చూపించమంటే చూపించలేకపోయాడు.

అమ్మడానికి పందొమ్మిది రోజులు పట్టింది. సుఖంగా జరిగిందని అబద్ధం చెప్పను. రాత్రి పదకొండింటికి ఫోన్లు. "లాస్ట్ రేటెంత?" అని కారు చూడకుండానే అడిగేవాళ్ళు. వస్తామని చెప్పి రానివాళ్ళు ముగ్గురు. ఒకాయన టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా వెళ్తానని పట్టుబట్టాడు, పంపలేదు. చివరికి ఒక భార్యాభర్తలు తమ మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. డోర్ సంగతి నేనే ముందు చెప్పి, మీ బాడీషాపు బిల్లు చేతిలో పెట్టాను. సర్వీసు రికార్డు మొత్తం చూసుకుని 111 ఇచ్చారు. డబ్బు బ్యాంకులో పడ్డాక, పేరు మార్పిడి కాగితం దగ్గరుండి దాఖలు చేయించి, రసీదు తీసుకున్నాను. క్లీనింగుకూ ప్రకటనకూ నాకు మూడు ఖర్చయింది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రకటన పెట్టిన ఆరో రోజున ఒకతను ఫోన్ చేసి, "సొంతానికే తీసుకుంటున్నా" అని 95 ఇస్తానన్నాడు. చూడకుండానే ఎలా చెబుతున్నారంటే, "సర్వీసు హిస్టరీ బాగుంది కదా" అన్నాడు. ప్రకటనలో సర్వీసు గురించి నేను ఒక్క ముక్క కూడా రాయలేదు. మీకెలా తెలుసని అడిగితే లైన్ కట్టయింది. ఆ నంబరుకే తిరిగి ఫోన్ చేస్తే మీ కంపెనీ స్వాగతం రికార్డింగు వినిపించింది, పాత కార్ల విభాగానికి రెండు నొక్కమంది. కాల్ వివరాలు జతచేశాను.

పాత కార్ల బజారు గురించి జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే ఒక సంగతి రాశారు, 2001లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు. కొనేవాడికి మంచి బండేదో డొక్కు బండేదో తెలియదు కాబట్టి అన్నిటికీ తగ్గించే అడుగుతాడు. దాంతో మంచి బండ్లున్నవాళ్ళు బజారుకే రావడం మానేస్తారు. ముక్కూమొహం తెలియని మనిషి నా కారుకు తక్కువ అడిగితే ఆ లెక్కన అర్థం చేసుకుంటాను. కానీ 17 అక్షరాంకెల చాసిస్ నంబరు కొడితే నా కారు ఆరేళ్ళ జాతకం మీ తెర మీద కనిపిస్తుంది. ఈ ఊళ్ళో దాని గురించి నాకంటే ఎక్కువ తెలిసింది మీకే. అన్నీ తెలిసి, నా ఎదురుగా ఏమీ తెలియనట్టు 84 అన్నారు. ఫోన్లో ముసుగేసుకుని 95 అన్నారు.

ఇంకో లెక్క కూడా చూడండి. మీరు మొదటి మాట మీద నిలబడి ఉంటే నాకు వందా, డిస్కౌంటు తొమ్మిదీ కలిపి 109 దక్కేది. పందొమ్మిది రోజులు తిరిగి, ఖర్చులు పోను నాకు మిగిలింది 108. అంటే మీకిస్తేనే నాకు ఒకటి ఎక్కువ, మనశ్శాంతి అదనం. డెలివరీ రోజున పదహారు మిగుల్చుకోవాలనుకుని మీరు కారునే పోగొట్టుకున్నారు.

నాకు కావలసినవి ఇవి. కొటేషన్లో ఎక్స్ఛేంజ్ షరతు లేకుండా రాసిచ్చిన తొమ్మిది డిస్కౌంటు వెనక్కి ఇవ్వాలి. రెండో ఎవాల్యుయేషన్ షీటు కాపీ ఇవ్వాలి, ఆరోజు అడిగితే ఇవ్వలేదు. నా సర్వీసు వివరాలు మీ పాత కార్ల విభాగం చేతికి ఎలా వెళ్ళాయో, దానికి నేను ఎప్పుడు ఒప్పుకున్నానో రాతపూర్వకంగా చెప్పాలి. నాకు రావలసింది కాకపోయినా ఇంకొకటి అడుగుతున్నాను: ఎక్స్ఛేంజ్ షీటు మీద "డెలివరీ దాకా, ఇన్ని కిలోమీటర్లు దాటకపోతే" అని ముందువైపే, చదవగలిగే సైజులో వేయించండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మళ్ళీ ఫోన్ చేసి నోట్ చేసుకోమని మాత్రం అడగను.

ఇది రాస్తుండగానే మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "మీ పాత కారుకు అత్యుత్తమ ధర, నేడే రండి." ఆ కారు అమ్మేశానని మీ రికార్డులో రాసుకుని, దయచేసి నా నంబరు ఆ లిస్టులోంచి తీసేయండి.

ఇట్లు,
ఆరేళ్ళుగా మీ కస్టమర్