పీర్ల పండుగ వెనకున్న రాజకీయ చరిత్ర కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొహర్రం వచ్చిందంటే పత్రికల నిండా ఊరేగింపుల ఫొటోలు వస్తాయి. హైదరాబాద్ డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయలుదేరే బీబీ కా ఆలం (పవిత్ర ధ్వజం), ఏ రోడ్డులో ట్రాఫిక్ మళ్లిస్తారనే వివరాలు తప్పకుండా ఉంటాయి. కర్బలా గురించి మాత్రం, ప్రవక్త మనవడు హుసేన్ ధర్మం కోసం ప్రాణాలిచ్చారని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ మాట నిజమే. అయితే అంతదాకా ఎందుకు వచ్చిందో చెప్పేవాళ్లు లేరు. మన ఊళ్లలో హిందువులు కూడా పీర్లను ఎత్తుకుంటారు, గుండం చుట్టూ ఆడతారు, పిల్లలకు హుసేనయ్య, హుసేనమ్మ, పీరయ్య అని పేర్లు పెట్టుకుంటారు. ఇంత దగ్గరైన పండుగ చరిత్రను 'అది వాళ్ల మత గొడవ' అని తేల్చేయడం నాకు బాధ కలిగిస్తోంది. పాలకుణ్ణి ఎవరు నియమించాలి, తప్పు చేస్తే ఎలా దించాలి, తండ్రి తర్వాత కొడుకు రావచ్చా అన్న ప్రశ్నలకు జవాబు దొరక్క పుట్టిన విషాదం అది.

632లో ప్రవక్త ముహమ్మద్ మదీనాలో మరణించారు. మక్కా, మదీనాల మధ్య ఉన్న గదీర్ ఖుమ్ దగ్గర, తన అల్లుడు అలీని వారసుడిగా ఆయనే ప్రకటించారని షియాల విశ్వాసం. ఎవరినీ నియమించలేదని సున్నీల మాట. మదీనావాసులైన అన్సార్లు తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకోవాలని బనూ సాయిదా తెగ పందిట్లో సమావేశమైతే, ప్రవక్త సన్నిహిత సహచరులు అబూబకర్, ఉమర్ అక్కడికి హుటాహుటిన వెళ్లారు. వాదోపవాదాల తర్వాత అబూబకర్ ఖలీఫా, అంటే ముస్లింల పాలకుడు అయ్యారు. నేను మీకంటే గొప్పవాణ్ణి కాను, మంచి చేస్తే సాయపడండి, తప్పు చేస్తే సరిదిద్దండి అని ఆయన తొలి ప్రసంగంలో అన్నట్టు చరిత్రకారులు రాశారు. కానీ ఎలా సరిదిద్దాలి? దానికి పద్ధతి ఏదీ ఏర్పడలేదు.

అబూబకర్ పోతూ పోతూ ఉమర్‌ని నియమించారు. 644లో మసీదులో తెల్లవారుజామున కత్తిపోట్లకు గురైన ఉమర్, ఆ గాయాలతోనే ఆరుగురితో ఒక సంఘాన్ని వేసి, మీలో ఒకరిని మీరే ఎంచుకోండి అన్నారు. తన కొడుకు అబ్దుల్లాను సలహా చెప్పడానికే పరిమితం చేసి, పదవికి అనర్హుణ్ణి చేశారు. ఈ ఒక్క నిర్ణయం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా ఉండాలని నా కోరిక. ఆ ఆరుగురిలో ఒకరైన అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ తాను పోటీ నుంచి తప్పుకొని, మదీనాలో జనం అభిప్రాయం అడిగి, చివరికి ఉస్మాన్‌ను ఎంపిక చేశారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ఉస్మాన్ దానశీలి, సౌమ్యుడు. ఖురాన్ ప్రామాణిక ప్రతులు రాయించి ముఖ్య నగరాలకు పంపించింది ఆయనే. అయితే కీలక పదవులు తన ఉమయ్యా వంశ బంధువులకు, దగ్గరివాళ్లకు ఇచ్చారన్న అసంతృప్తి పెరిగింది. ఇరాక్‌లోని కూఫాలో గవర్నర్‌గా వలీద్ ఇబ్న్ ఉఖ్బా, ఈజిప్టులో ఆయన పాల సోదరుడు అబ్దుల్లా ఇబ్న్ సాద్, దగ్గర కార్యదర్శిగా మర్వాన్. సిరియాలో ఉమయ్యా వంశీయుడైన ముఆవియాను గవర్నర్‌గా నియమించింది మాత్రం ఉమరే, ఆ నింద ఉస్మాన్ మీద వేయకూడదు. 656లో ఈజిప్టు, కూఫా, బస్రా నుంచి వచ్చిన తిరుగుబాటుదారులు ఆయన ఇంటిని చుట్టుముట్టి, దిగిపొమ్మన్నారు. దేవుడు తొడిగిన వస్త్రాన్ని నేను విప్పను అన్నది ఆయన జవాబు. తన కోసం రక్తం పారొద్దని కాపలాగా నిలిచినవాళ్లను కూడా ఆపారు. ఖురాన్ చదువుతుండగా చంపేశారు. ఆయన మీద ఫిర్యాదుల్లో న్యాయం ఉండొచ్చు, కానీ వాటిని వినే సభ, తీర్పు చెప్పే వ్యవస్థ లేకపోవడంతో కత్తి ఆ పని చేసింది. ఆ హత్య అందరికీ ఆయుధమైంది.

తర్వాత అలీ ఖలీఫా అయ్యారు. హంతకులను ముందు శిక్షించాలని ప్రవక్త భార్య ఆయిషా, సహచరులు తల్హా, జుబైర్ బస్రా దగ్గర అలీతో యుద్ధానికి దిగారు. 657లో సిఫ్ఫీన్‌లో అలీతో యుద్ధం చేస్తూ ముఆవియా సైన్యం ఈటెలకు ఖురాన్ ప్రతులు కట్టి సంధి అడిగింది. మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు అలీ పక్షంలోనే చీలిక వచ్చి ఖారిజీలు పుట్టుకొచ్చారు. 661లో కూఫా మసీదులో ఖారిజీ అయిన ఇబ్న్ ముల్జమ్ కత్తి వేటుకు గురై అలీ మరణించారు. మొదటి నలుగురు ఖలీఫాల్లో ముగ్గురు హత్యకు గురయ్యారు.

అలీ కొడుకు హసన్ రక్తపాతం వద్దని ముఆవియాకు పాలన అప్పగించారు. ముఆవియా సమర్థ పాలకుడే, డమాస్కస్ నుంచి దాదాపు ఇరవై ఏళ్లు స్థిరంగా పాలించారు. కానీ కొడుకు యజీద్‌కు ముందుగానే ప్రమాణాలు చేయించారు. హసన్ తమ్ముడు హుసేన్ ఒప్పుకోలేదు. కూఫా ప్రజలు ఉత్తరాలు రాసి పిలిచి, గవర్నర్ ఉబైదుల్లా ఇబ్న్ జియాద్ బెదిరించగానే వెనక్కి తగ్గారు. 680 అక్టోబర్ 10న కర్బలాలో, యూఫ్రటీస్ నది దగ్గరే ఉన్నా నీళ్లు అందకుండా చేసి, హుసేన్‌ను, కొద్దిమంది అనుచరులను వేలమంది సైనికులు చంపారు.

వారసత్వం వల్ల కనీసం గొడవలు ఆగిపోయాయి కదా అని కొందరంటారు. ఆగలేదు. 683లో మదీనా తిరగబడింది, యజీద్ సైన్యం ఆ నగరాన్ని చిత్తు చేసింది. మక్కాలో అబ్దుల్లా ఇబ్న్ జుబైర్ ఖలీఫాగా ప్రకటించుకొని 692 దాకా నిలిచారు.

మీకు నా విన్నపం ఇది. వచ్చే మొహర్రం నాటి అనుబంధంలో ఈ చరిత్రకు ఒక పేజీ కేటాయించండి. మదీనా, కూఫా, డమాస్కస్, కర్బలా ఎక్కడున్నాయో మ్యాప్ వేయండి. షియా, సున్నీ పండితులిద్దరి చేతా రాయించండి. 'పద్నాలుగు శతాబ్దాల షియా సున్నీ గొడవ' అనే శీర్షిక మాత్రం పెట్టకండి. 680 నాటికి ఆ శాఖలు ఇప్పటి రూపంలో లేనేలేవు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
నల్గొండ