పరీక్ష మేం రాసుకుంటాం, కాగితాలు పంపించండి: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను మన దేశంలో బి.ఫార్మసీ చదివి, కెనడాలో లైసెన్సు తెచ్చుకుని పనిచేస్తున్న ఫార్మసిస్టుని. అదే దారిలో రావాలనుకునే జూనియర్లు తరచూ సలహా అడుగుతుంటారు. పరీక్ష తప్పి ఆగిపోయినవాళ్ల కోసం కాదు ఈ ఉత్తరం, మన ఆఫీసుల నుంచి కాగితాలు వేళకు అందక పరీక్ష హాలు దాకా వెళ్లలేక ఆగిపోయినవాళ్ల కోసం.

పరీక్షలు కష్టమే, దాని మీద మాకు ఫిర్యాదు లేదు. కెనడాలో ముందు డాక్యుమెంట్ల పరిశీలన, తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష, ఆపైన రెండు భాగాల క్వాలిఫైయింగ్ పరీక్ష. ఆ రెండో భాగంలో పేషెంటుగా నటించే మనిషిని ఎదురుగా కూర్చోబెడతారు. అతను వాడే మందుల్లో తేడా ఎక్కడుందో పట్టుకుని, అతనికి అర్థమయ్యేలా చెప్పాలి. ఉన్నది కొద్ది నిమిషాలే. బ్రిటన్‌లో ఓస్పాప్ అనే ఏడాది కోర్సు, 52 వారాల శిక్షణ, చివర్లో రిజిస్ట్రేషన్ పరీక్ష. ఆస్ట్రేలియాలో ఓప్రా పరీక్ష (2025కు ముందు కాప్స్) రాశాక ఇంటర్న్‌షిప్. గల్ఫ్‌లో ప్రోమెట్రిక్ అనే సంస్థ కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష. మందు మారితే ప్రాణం పోయే పని ఇది. ఏ దేశమైనా తన జనం కోసం ఈ మాత్రం జల్లెడ పట్టడంలో తప్పు లేదు.

మా తిప్పలు అంతకు ముందే మొదలవుతాయి. ఆ దేశాల్లో లైసెన్సులిచ్చే సంస్థలేవీ అభ్యర్థి చేతిలోని కాగితాన్ని నమ్మవు. డిగ్రీ నిజమేనని విశ్వవిద్యాలయం చెప్పాలి. రిజిస్ట్రేషన్ అమల్లో ఉందని, క్రమశిక్షణ చర్యలేమీ లేవని రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ చెప్పాలి, దాన్నే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అంటారు. చాలావరకు అది కూడా మా చేతికిస్తే చెల్లదు, నేరుగా వాళ్లకే వెళ్లాలి. గల్ఫ్ విషయానికొస్తే డేటాఫ్లో అనే సంస్థ మధ్యలో ఉండి, మన విశ్వవిద్యాలయానికీ కౌన్సిల్‌కీ రాసి వాకబు చేస్తుంది. జవాబు రాకపోతే ‘నిర్ధారించలేకపోయాం’ అని రిపోర్టు ఇచ్చేస్తుంది. డిగ్రీ అసలుదే, రిజిస్ట్రేషన్ అసలుదే. ఆఫీసులో ఎవరూ ఆ మెయిల్ తెరవని పాపానికి పిల్లవాడి మీద అనుమానం పడుతుంది.

నేను చదివిన విశ్వవిద్యాలయం నా మార్కుల ట్రాన్‌స్క్రిప్టు పంపిన తీరు చెబుతాను. కవరు అంటించిన చోట ముద్ర పడాలి, సగం మూత మీద, సగం కవరు మీద. మధ్యలో ఎవరూ విప్పలేదనడానికి అదే సాక్ష్యం. నా కవరుకు టేపు వేశారు, ముద్ర మరిచారు. అది చెల్లలేదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో. ముద్ర ఎందుకు కావాలో కౌంటర్‌లో ఉన్నాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన్ని అని లాభం లేదు.

పేర్ల గొడవ ఇంకోటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. డిగ్రీలో దాని పొడి అక్షరమే ఉంటుంది. కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆ పొడి అక్షరం పేరు వెనక్కి పోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి. మనకు అందరూ ఒక్కరే, పరాయి దేశపు గుమాస్తాకు నలుగురు మనుషులు. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మారిన అమ్మాయిలైతే ఐదో మనిషి కూడా. ‘ఈ పేర్లన్నీ ఈ రిజిస్ట్రేషన్ నంబరు గల ఒకే వ్యక్తివి’ అని కౌన్సిల్ ఒక్క లైను రాసిస్తే తీరిపోయేదానికి నోటరీల చుట్టూ తిరగాల్సి వస్తోంది.

ఇక ఆలస్యం ఖరీదు. ఇంగ్లిష్ పరీక్షల్లో ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, ఓఈటీ ఏది రాసినా ఆ స్కోరు సాధారణంగా రెండేళ్లకే పనికొస్తుంది. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు చాలాచోట్ల కొన్ని నెలలే ఆయుష్షు. ట్రాన్‌స్క్రిప్టు వచ్చేసరికి సర్టిఫికెట్ గడువు దాటుతుంది, కొత్త సర్టిఫికెట్ తెచ్చుకునేసరికి ఇంగ్లిష్ స్కోరు చెల్లదు. మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ అదే వ్యాసం రాయాలి. చదువు టెన్షన్ కన్నా ఈ తేదీల టెన్షన్ ఎక్కువ. పాత బ్యాచ్‌ల వాళ్లకు సిలబస్ గొడవ కూడా ఉంది. 2014 బి.ఫార్మసీ రెగ్యులేషన్లు వచ్చి దేశమంతా ఒకే సిలబస్ కాకముందు ఎవరి సిలబస్ వారిదే. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెప్పారని అడిగితే, ఆనాటి పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలిసిన ఉద్యోగి రిటైరై ఉంటాడు.

విదేశాలకు ఇంత అనుమానం ఊరికే రాలేదు లెండి. ప్రిస్క్రిప్షన్ మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అయినా సర్టిఫికెట్ అద్దెకిచ్చి, మనిషి మాత్రం కనిపించని షాపుల సంగతి మీకు తెలియనిది కాదు. అలాంటి షాపు రాసిచ్చిన అనుభవ పత్రానికీ, రోజూ కౌంటర్‌లో నిలబడినవాడి పత్రానికీ దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. అందుకే తనిఖీలు తగ్గించమని ఆ దేశాలతో మాట్లాడండి అని నేను అడగను. వాళ్లు అడిగినదానికి జవాబివ్వండి అంటున్నాను, అంతే.

కౌన్సిళ్లు రాష్ట్రాల పరిధిలోవి, విశ్వవిద్యాలయాలు మన శాఖవి కావు అని మీ అధికారులు ఫైలు మీద రాయవచ్చు. ఆ మాట నిజమే. కానీ 1948 చట్టం స్థానంలో జాతీయ ఫార్మసీ కమిషన్ తేవాలని 2023లో ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది మీ శాఖే. అందులో జాతీయ రిజిస్టర్ ఆలోచన కూడా ఉంది. నర్సులకు ఇప్పటికే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ద్వారా ప్రత్యేక సంఖ్యతో దేశవ్యాప్త రిజిస్టర్ నడుస్తోంది. మాకూ అలాంటిదే పెట్టి, విదేశీ సంస్థ నంబరు కొట్టగానే పేరు, పాత పేర్లు, రిజిస్ట్రేషన్ స్థితి కనిపించేలా చేయండి. గుడ్ స్టాండింగ్ ఇన్ని పనిదినాల్లో పంపాలని చట్టంలోనే రాయండి. గడువు దాటితే ఎవరు సంజాయిషీ చెప్పాలో కూడా రాయండి, లేకపోతే ఆ గడువును పట్టించుకునే నాథుడుండడు. బిల్లు తేలేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి కౌన్సిల్‌లో వెరిఫికేషన్ మెయిల్ చూసేందుకు ఒక బాధ్యుడు ఉండాలని రాష్ట్రాలకు లేఖ రాయడానికి కొత్త చట్టం అవసరం లేదు.

ఇంకొక్కటి, ఇది పూర్తిగా మీ పరిధిలోదే. అమెరికాలో లైసెన్సు పరీక్షలు రాయాలంటే ముందు ఎఫ్‌పీజీఈసీ అనే ధ్రువీకరణ కావాలి. 2003 జనవరి 1 నుంచి పట్టా పొందినవాళ్లకు వృత్తి డిగ్రీ కనీసం ఐదేళ్లది ఉండాలన్నది అక్కడి నిబంధన. మన బి.ఫార్మసీ నాలుగేళ్లు. పైన ఎం.ఫార్మసీ రెండేళ్లు కలిపితే ఆరవుతాయిగా అని లెక్కలేసుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, ఎం.ఫార్మసీని వృత్తి డిగ్రీలో కలపరు కాబట్టి ఆ లెక్క అక్కడ కుదరదు. 2008లో మన దగ్గర మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివినవాళ్లకు ఈ అడ్డు లేదు. ఈ తేడా కాలేజీలో చేరేటప్పుడు చెప్పేవాళ్లు తక్కువ. ప్రతి కాలేజీ అడ్మిషన్ బ్రోచర్‌లో మొదటి పేజీలోనే ఈ సంగతి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అచ్చు వేయాలని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాతో వచ్చే అడ్మిషన్ల లోపే ఆదేశాలు ఇప్పించండి.

ఇట్లు,
కెనడాలో పనిచేస్తున్న ఒక తెలుగు ఫార్మసిస్టు